పదివేల బోనస్ విలువ ఎంత?

జంషెడ్‌పూర్‌లో బోనస్ అనే మాటకు ఒక బరువుంది. ఏటా దుర్గాపూజకు ముందు ఉక్కు కర్మాగారం యాజమాన్యమూ కార్మిక సంఘమూ కూర్చుని ఆ ఏటి బోనస్ ఒప్పందం కుదుర్చుకుంటాయి. ఆ అంకె బయటికొచ్చిన రోజు సాక్చీ, బిష్టుపూర్ దుకాణదారుల ముఖాలు చూస్తే అది ఎంతో మనకు సగం తెలిసిపోతుంది. ఇక్కడి ఉక్కు కంపెనీలో లాభాల్లో వాటా పంచే పద్ధతి 1934లో మొదలైంది. దేశమంతటికీ వర్తించే బోనస్ చెల్లింపు చట్టం 1965లో వచ్చింది. ఆ చట్టం చెప్పిన కనీస బోనస్ 8.33 శాతం, అంటే లెక్కలోకి తీసుకునే జీతంలో పన్నెండో వంతు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బోనస్ అంటే అదే. చేసిన పనికి, అందరికీ తెలిసిన సూత్రం ప్రకారం వచ్చే డబ్బు.

అదే మాట ఇప్పుడు వేరే అర్థంతో ఫోన్లలోకి వస్తోంది. కిందటి పూజల ముందు కద్మాలో మా వీధి కుర్రాడొకడు ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. డిప్లొమా చదివి ఓ చిన్న వర్క్‌షాపులో చేరాడు. మొదటి బోనస్ చేతికొచ్చింది. ఇంటికి ఫ్రిజ్ కొందామని అందులో పదివేలు పక్కన పెట్టాడు. ఫోన్లో ఒక విదేశీ కాసినో సైటు ప్రకటన ఉంది. 10,000 రూపాయలు డిపాజిట్ చేస్తే మరో 10,000 బోనస్. బ్లాక్‌జాక్ ఆడుకోవచ్చు.

"బాబాయ్, బ్లాక్‌జాక్‌లో కాసినోకి మిగిలేది అర శాతమేనట. పదివేల మీద అర శాతం అంటే యాభై రూపాయలు. యాభై పోగొట్టుకుంటే పదివేలు వస్తున్నాయి. ఇందులో తప్పెక్కడుందో నాకు కనబడటం లేదు. మీరైనా చూసి చెప్పండి" అన్నాడు.

వాడు చదివింది అబద్ధం కాదు. అర శాతం నిజమే. తప్పెక్కడుందో తేల్చడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది. జూదం చెడ్డదిరా అని మందలించి పంపేయడం తేలికే. అయితే లెక్క అడిగిన వాడికి లెక్కతోనే జవాబు చెప్పాలని నా అభిప్రాయం. మందలింపు ఆ ఒక్క సాయంత్రానికి పనిచేస్తుంది. లెక్క తెలిస్తే ఆ తర్వాత వచ్చే ప్రకటనకు కూడా పనికొస్తుంది.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ కూడా నిషేధించింది. దేశం బయట నుంచి నడిచే సైట్ల సందేశాలు మాత్రం ఆగలేదు. అలాంటి సైటు గెలిచిన డబ్బు ఇవ్వకుండా ఎగ్గొడితే మనం వెళ్ళి తలుపు తట్టే చోటు ఉండదు. ఆ ఒక్క కారణం చాలు దాని జోలికి వెళ్ళకుండా ఉండటానికి. కానీ మా వాడి ప్రశ్న అది కాదు. సైటు నిజాయితీగానే నడుస్తుందనుకుందాం. అప్పుడు ఆ బోనస్ విలువ ఎంత?

బ్లాక్‌జాక్ ఆట పెద్ద కష్టమేమీ కాదు. ముక్కల విలువలు కూడితే 21 దాటకూడదు, డీలర్ కన్నా ఎక్కువ ఉండాలి. బొమ్మ ముక్కలకు 10, ఆసుకు మన ఇష్టాన్ని బట్టి 1 లేదా 11. మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ ముక్క పడితే అది బ్లాక్‌జాక్. దానికి పందెం మీద ఒకటిన్నర రెట్లు ఇస్తారు. డీలర్‌కు స్వేచ్ఛ లేదు. 16 వరకూ ముక్క తీయాల్సిందే, 17 వస్తే ఆగాల్సిందే.

మరి కాసినోకి లాభం ఎక్కడి నుంచి వస్తుంది? మనం ముందు ఆడతాం, అక్కడి నుంచి. మనం 21 దాటితే పందెం అప్పుడే పోతుంది. తర్వాత డీలర్ కూడా 21 దాటినా మన డబ్బు తిరిగి రాదు. డీలర్ నియమాలతో ఆడితే 21 దాటే అవకాశం సుమారు 28 శాతం. మనమూ డీలర్‌లాగే ఆడితే ఇద్దరమూ దాటే అవకాశం 0.28ని 0.28తో హెచ్చవేస్తే వస్తుంది, దాదాపు 7.8 శాతం. అదంతా కాసినోదే. బ్లాక్‌జాక్‌కు ఇచ్చే అదనపు సగం వల్ల సుమారు 2.3 శాతం మనకు వెనక్కి వస్తుంది. మిగిలిన 5.5 శాతం కాసినో వాటా.

ఆ 5.5ని అర శాతానికి దించింది గణితం. అమెరికా సైన్యంలో పనిచేస్తున్న నలుగురు యువకులు, బాల్డ్‌విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మాట్, బల్ల మీద పెట్టుకునే లెక్క యంత్రాలతో ఏ చేతికి ఏం చేయాలో లెక్కగట్టి 1956లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించారు. మన చేతిలో 16 ఉండి డీలర్ ముక్క 10 అయితే ఇంకో ముక్క తీసుకోవాలి, డీలర్ ముక్క 6 అయితే ఆగాలి అన్న రకం నియమాలు అవి. తర్వాత ఎడ్వర్డ్ థార్ప్ ఐబీఎం 704 కంప్యూటర్‌తో ఆ లెక్కను ఇంకా ముందుకు తీసుకెళ్ళి, వెళ్ళిపోయిన ముక్కలను గుర్తుపెట్టుకునేవాడు కాసినోనే మించగలడని 1962 నాటి తన పుస్తకంలో చూపించాడు. ఆన్‌లైన్ యంత్రం మాత్రం ప్రతి ఆటకూ పేకను కొత్తగా కలిపేస్తుంది కాబట్టి థార్ప్ పద్ధతి అక్కడ పనిచేయదు. బాల్డ్‌విన్ బృందం తరహా నియమాలను తు.చ. తప్పకుండా పాటిస్తే కాసినో వాటా అర శాతం దగ్గర ఉంటుంది. పట్టికలు చూడకుండా ఊహ మీద ఆడితే రెండు శాతం, ఇంకా పైన.

ఇప్పుడు మా వాడి యాభై రూపాయల దగ్గరికి వద్దాం. అర శాతం అన్నది డిపాజిట్ మీద కాదు, వేసిన ప్రతి పందెం మీద. రాంచీ రోడ్డులో టోల్ గేటు లాంటిది. ఎన్నిసార్లు దాటితే అన్నిసార్లు కట్టాలి. మరి ఎన్నిసార్లు దాటాలి? ప్రకటనలో లేదు. షరతుల పేజీ తెరిచి కిందికి జరుపుతూ పోతే కనబడింది. బోనస్‌కు 40 రెట్లు పందెం ఆడేదాకా డబ్బు బయటికి తీయడానికి వీల్లేదు. అంటే నాలుగు లక్షల రూపాయల పందేలు. నాలుగు లక్షలలో అర శాతం 2,000.

సూత్రం ఇంతే. బోనస్‌లోంచి, ఆడితీరాల్సిన మొత్తం పందేన్ని కాసినో వాటాతో హెచ్చవేసి తీసేయాలి. మిగిలింది బోనస్ విలువ. ఇక్కడ 10,000 లోంచి 2,000 తీస్తే 8,000. మా వాడి ముఖం వెలిగింది. యాభై కాకపోతే రెండువేలు, అయినా లాభమే కదా!

నిజమే, అలా ఉంటే లాభమే. ఆన్‌లైన్ కాసినోలు కొత్తగా వచ్చిన కాలంలో ఇలాంటి బోనస్‌లను వెతికి పట్టుకుని, బ్లాక్‌జాక్ పట్టిక ముందు పెట్టుకుని ఆడి, నిజంగానే డబ్బు తీసుకెళ్ళిన వాళ్ళు ఉన్నారు. కాసినోలు ఊరుకుంటాయా? వాటి దగ్గరా లెక్కలు తెలిసిన వాళ్ళుంటారు. అందుకే షరతుల పేజీలో ఇంకా కిందికి వెళ్ళాం. అక్కడ ఒక వాక్యం ఉంది. పందెం షరతు లెక్కలోకి బ్లాక్‌జాక్ పందెం పది శాతమే వస్తుందట. వంద రూపాయలు ఆడితే పది ఆడినట్టు. అంటే నాలుగు లక్షల షరతు తీరాలంటే బ్లాక్‌జాక్‌లో నలభై లక్షలు ఆడాలి. నలభై లక్షలలో అర శాతం 20,000. బోనస్ 10,000, ఖర్చు 20,000.

ఇక్కడ చాలామంది 'విలువ మైనస్ 10,000' అని రాసి ఊరుకుంటారు. అది కూడా సరైన లెక్క కాదు, ఎందుకంటే ఖాతా సున్నాకు చేరగానే ఆట ఆగిపోతుంది. ఆ తర్వాత ఆడని పందేలకు టోల్ పడదు. కాబట్టి సున్నాకు చేరే అవకాశాన్ని కూడా లెక్కలోకి తేవాలి. ఇంటర్ గణితంలో క్రమ విచలనం చదువుకున్న వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో బ్లాక్‌జాక్ ఆట ఫలితం సగటు నుంచి అటూ ఇటూ ఊగే కొలత పందెంలో సుమారు 1.15 రెట్లు. ఆటకు 100 రూపాయల చొప్పున నలభై లక్షలంటే 40,000 ఆటలు. 40,000 వర్గమూలం 200. 115 రూపాయలను 200తో హెచ్చవేస్తే 23,000. అంటే 20,000తో మొదలైన ఖాతా సగటున 20,000 కిందికి జారుతూ, దాని చుట్టూ 23,000 మేర ఊగుతుంది. దారిలో ఎక్కడైనా సున్నాను తాకితే కథ ముగిసినట్టే.

నీటిమీద పుప్పొడి రేణువు కదలికకు వాడే గణితమే ఇక్కడా పనికొస్తుంది. ఆ లెక్క వేస్తే, తప్పు చేయకుండా పట్టిక ప్రకారం ఆడిన వాళ్ళలో కూడా పదిమందికి దాదాపు ఏడుగురు షరతు తీరకముందే ఖాళీ అయిపోతారు. మిగిలిన ముగ్గురు ఇంటికి తెచ్చుకునేది పదిమందికీ పంచితే తలా సుమారు 7,400. పెట్టింది 10,000. అంటే 'పదివేల బోనస్' నిజమైన విలువ మైనస్ 2,600 రూపాయలు. దీనికోసం గంటకు 200 ఆటల వేగంతో ఆడినా 200 గంటలు ఫోన్ ముందు కూర్చోవాలి. ఊహ మీద ఆడి కాసినో వాటాను రెండు శాతం చేసుకున్నవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటివాళ్ళు వెయ్యిమంది ఆడితే షరతు తీరేదాకా నిలిచేది ఒకరో ఇద్దరో.

ఒకే ప్రకటన, ఒకే బోనస్. షరతుల పేజీలో ఒక వాక్యం లేకపోతే ప్లస్ 8,000, ఉంటే మైనస్ 2,600. పెద్ద అక్షరాల్లో ఉన్న పదివేలు ఈ రెండిటిలో దేన్నీ చెప్పదు. నా ఫిర్యాదు అంతా ఇక్కడే ఉంది.

ప్లస్ 8,000 వచ్చే రూపంలో కూడా ఒక మెలిక ఉంది. 4,000 ఆటలకు ఊగే కొలత సుమారు 7,270 రూపాయలు. కాబట్టి ఏడుగురిలో ఒకరు తమ సొంత డబ్బులో కొంత పోగొట్టుకునే బయటికి వస్తారు. సగటు లాభం ఉన్న చోట కూడా ఫ్రిజ్ డబ్బు పెట్టకూడదు. సగటు వెయ్యిమందిది, ఫ్రిజ్ ఒక్కరిది.

నేల మీది కాసినోల సంగతి వేరు అనుకునేవాళ్ళున్నారు. జార్ఖండ్‌లో కాసినోలు లేవు. మన దేశంలో వాటి పేరు చెబితే గోవా, సిక్కిం గుర్తొస్తాయి. స్నేహితులతో గోవా వెళ్ళొచ్చిన వాళ్ళందరూ చెప్పే మాట ఒకటుంది. టికెట్ డబ్బుకు భోజనం పెడతారు, ఆడుకోవడానికి కూపన్లు కూడా ఇస్తారు, అంతా మళ్ళీ వచ్చేసినట్టే అని. వచ్చేసినట్టేనా? ఒకసారి మాత్రమే ఆడగలిగే 100 రూపాయల కూపన్ తీసుకుందాం. గెలిస్తే 100 నగదు ఇస్తారు, కూపన్ మాత్రం వాళ్ళే ఉంచుకుంటారు. ఓడితే అసలే పోతుంది. సమమైతే మళ్ళీ ఆడొచ్చు. బ్లాక్‌జాక్‌లో వంద ఆటల్లో మనం గెలిచేవి సుమారు 42 నుంచి 43, ఓడేవి 49, మిగతావి సమం. తేలిన ఆటల్లో మన గెలుపు సుమారు 46 శాతం. కాబట్టి ఆ కూపన్ విలువ 46 రూపాయలు. బ్లాక్‌జాక్‌కు ఒకటిన్నర రెట్లు ఇస్తే ఇంకో రెండు మూడు రూపాయలు కలుస్తాయి.

గెలిచిన ప్రతిసారీ కూపన్ మన చేతికే తిరిగి ఇచ్చి, ఓడేదాకా ఆడనిస్తే? అప్పుడు విలువ 0.464ను 0.536తో భాగించినంత, అంటే దాదాపు 87 రూపాయలు. 'ఒకసారి' అన్న ఒక్క మాటకు నలభై రూపాయల ఖరీదు. ఇంకో తమాషా ఉంది. అదే ఒకసారి కూపన్‌ను 37 అంకెల రూలెట్‌లో ఒకే అంకె మీద పెట్టనిస్తే విలువ 35ను 37తో భాగించినంత, దాదాపు 95 రూపాయలు. గెలిచినా కూపన్ ఎలాగూ వెనక్కి రాదు కాబట్టి, అరుదుగా గెలిచి ఎక్కువ ఇచ్చే పందెం మీద పెడితేనే దానికి విలువ. కాసినోలకు ఇది తెలియక కాదు. అందుకే చాలాచోట్ల ఇలాంటి కూపన్లను ఒకటికి ఒకటి ఇచ్చే పందేలకే పరిమితం చేస్తారు.

బల్ల మీద రాసి ఉండే ఇంకో చిన్న వాక్యాన్ని కూడా చూడాలి. బ్లాక్‌జాక్‌కు 3కి 2 చెల్లిస్తారా, 6కి 5 చెల్లిస్తారా? వంద రూపాయల మీద 150కి బదులు 120 ఇస్తారన్నమాట. బ్లాక్‌జాక్ పడే అవకాశం 5 శాతానికి కొంచెం తక్కువ. 30 రూపాయల కోతను దానితో హెచ్చవేసి, డీలర్‌కూ బ్లాక్‌జాక్ పడే సందర్భాలు తీసేస్తే సుమారు 1.4 శాతం. అర శాతం ఆట ఒక్కసారిగా రెండు శాతం ఆట అవుతుంది. చూసేవాళ్ళకు 6 అంకె 3 కన్నా పెద్దదిగా కనబడుతుంది, అంతే.

ఇక పన్ను. 2023 అక్టోబర్ 1 నుంచి కాసినోలో కొనే చిప్స్ పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. అర శాతమా, ముప్పాతిక శాతమా అని మనం తూకం వేస్తున్న చోట 40 శాతం వచ్చి కూర్చుంటే తక్కెడ ఎటు మొగ్గుతుందో లెక్క అక్కర్లేదు.

అయితే ప్రమోషన్‌తో కాసినోను నిజంగా దెబ్బకొట్టిన వాళ్ళు లేరా అంటే ఉన్నారు. గుర్రప్పందేల లెక్కల కంపెనీ నడిపే డాన్ జాన్సన్ అనే అమెరికన్ 2010 చివరి నుంచి 2011 ఏప్రిల్ దాకా అట్లాంటిక్ సిటీలోని మూడు కాసినోల నుంచి దాదాపు కోటిన్నర డాలర్లు గెలిచాడు. ముక్కలు లెక్కపెట్టలేదు. మాంద్యంలో ఖాతాదారులు తగ్గి కాసినోలు అల్లాడుతున్న సమయం చూసి ఆటకు ముందే బేరం పెట్టాడు. ఆట నియమాలు తనకు అనుకూలంగా ఉండాలి, తను ఓడితే ఓడినదానిలో 20 శాతం వెనక్కి ఇవ్వాలి.

ఆ 20 శాతంలో ఏముందో నాణెం ఆటగా సరళం చేసి చూద్దాం. పందెం లక్ష డాలర్లు. ఐదు లక్షలు గెలిచినా, ఐదు లక్షలు ఓడినా ఆ రోజుకు లేచి వెళ్ళిపోవాలి. గెలిస్తే ఐదు లక్షలు వస్తాయి. ఓడితే పోయేది నాలుగు లక్షలే. రెండూ దాదాపు సమాన అవకాశాలైతే సగటున 50,000 డాలర్ల లాభం. ఐదు మెట్లు పైకో కిందికో చేరడానికి సగటున ఐదైదుల 25 పందేలు పడతాయి. కాసినో వాటా పావు శాతమైతే ఒక్కో పందేనికి 250 డాలర్ల చొప్పున 6,250 డాలర్ల టోల్. నికరంగా 43,750 డాలర్లు, ఒక్క కూర్చోవడంలో. కీలకం ఎక్కడుందంటే, నష్టాన్ని ఏ రోజుకారోజు తేల్చుకోవడంలో. అదే 20 శాతాన్ని ఏడాది చివర మొత్తం నష్టం మీద ఇస్తామని ఉంటే గెలిచిన రోజులూ ఓడిన రోజులూ ఒకదాన్నొకటి మింగేసి ఆ రాయితీకి విలువే ఉండేది కాదు.

జాన్సన్ కథను కాసినో ప్రియులు తరచుగా చెబుతారు. తెలివుంటే గెలవొచ్చు అనడానికి సాక్ష్యంగా. నాకు అందులో కనబడేది వేరు. అతను షరతులు తనే రాయించుకున్నాడు. కద్మా కుర్రాడికి ఆ అవకాశం లేదు. వాడి ముందున్నది 'అంగీకరిస్తున్నాను' అనే ఒక్క బటన్. షరతులు రాసే అధికారం ఒకే పక్షానికి ఉన్నప్పుడు ప్రమోషన్ సగటు విలువ ఏ పక్షానికి మొగ్గుతుందో ఊహించడానికి గణితం అవసరం లేదు. ఎంత మొగ్గుతుందో చెప్పడానికి మాత్రమే అవసరం.

'ఇది నైపుణ్యపు ఆట' అన్న వాదన కూడా ఇక్కడే తేలాలి. మన తెలుగు నేల మీదే ఆ వాదనకు పాత చరిత్ర ఉంది. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదానిలో రమ్మీ ఆడిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1967లో. ఆ తర్వాత ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టింది. లెక్క ప్రకారం చూస్తే బ్లాక్‌జాక్‌లో నైపుణ్యం ఉంది. అది 5.5ను 0.5 చేస్తుంది. సున్నా దాటించదు. నైపుణ్యం అన్న మాట విన్నవాడు మాత్రం సున్నా దాటినట్టే అనుకుంటాడు.

అక్షహృదయం నేర్చుకున్న నలుడి కథను నాకు గుర్తుచేసే పెద్దలు కూడా ఉన్నారు. ఋతుపర్ణుడు చెట్టుకున్న ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కగట్టి చెప్పడం, సంఖ్యలు తెలిసినవాడికే పాచికలు తెలుస్తాయనడం భారతంలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. నలుడు పుష్కరుడితో మళ్ళీ ఆడింది ఒకే ఒక్క పందెం. నలభై రెట్ల షరతు లేదు.

మా ప్రాంతంలో జనవరిలో టుసు పండుగ మేళాలు జరుగుతాయి. గోదావరి జిల్లాల సంక్రాంతి లాగే అక్కడా కోడిపందేలుంటాయి. పక్కనే ఆరు బొమ్మల పాచికల ఆట పరుస్తారు. ఇక్కడ దాన్ని హబ్బా-డబ్బా అంటారు, మన వైపు గుండాట అన్నా ఆ కుటుంబానిదే. దాన్ని మూడు పాచికలతో, పడిన బొమ్మకు ఒకటికి ఒకటి చొప్పున ఇచ్చే రూపంలో అనుకుందాం. పిల్లలను అడగండి. ఆరు బొమ్మలు, మూడు పాచికలు, కాబట్టి గెలిచే అవకాశం సగం అంటారు. పెద్దవాళ్ళూ అదే అంటారు. మొత్తం 216 ఫలితాల్లో మన బొమ్మ అసలు పడనివి 125. ఒకసారి పడేవి 75, రెండుసార్లు 15, మూడూ పడేది 1. వచ్చేది 75, 30, 3 కలిపి 108. పోయేది 125. తేడా 17. అంటే ప్రతి వందకూ దాదాపు 8 రూపాయలు ఆట నడిపేవాడివి.

మన పాఠ్యపుస్తకాల్లో నాణేలున్నాయి, పాచికలున్నాయి, 52 ముక్కల పేక ఉంది. ఎర్ర రాజు వచ్చే సంభావ్యత ఎంత అని అడుగుతారు. ఆ సంభావ్యతకు ఒక ధర తగిలించి, ఈ పందెం ఎవరికి లాభం అని పదో తరగతిలో అడిగితే ఏం పోతుంది? జూదం నేర్పినట్టవుతుందని కొందరు ఉపాధ్యాయ మిత్రులు భయపడతారు. ఆ భయంలో నాకు అర్థం కనబడదు. జూదం ఫోన్‌లో ముందే నేర్పేశారు. నేర్పనిది భాగహారం ఒక్కటే.

ప్రకటనల విషయం కూడా చెప్పాలి. 2020 డిసెంబర్ నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి డబ్బు ఆటల ప్రకటనల్లో ఆర్థిక ముప్పు, వ్యసనం గురించి హెచ్చరిక తప్పనిసరి చేసింది. ప్రకటన స్థలంలో కనీసం ఐదో వంతు దానికే ఇవ్వాలంది. మంచిదే. కానీ 'ముప్పు ఉంది' అన్న మాటలో అంకె లేదు. బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా ఎన్ని కేలరీలో రాసి ఉంటుంది. ప్రమోషన్ మీద 'ఈ బోనస్ సగటు విలువ ఇంత, షరతు తీరేలోపు ఖాతా ఖాళీ అయ్యే అవకాశం ఇంత' అని రాయించడం కష్టమేమీ కాదు. ఆ లెక్క వేసుకోకుండా ఏ కాసినో కూడా బోనస్ ప్రకటించదు. ఆన్‌లైన్ ఆటలు నిషేధంలో ఉన్నా, గోవా కూపన్లకైనా లాటరీ టికెట్లకైనా ఈ నియమం పెట్టొచ్చు. రెండు అంకెలు చాలు.

మా వాడు మర్నాడు మళ్ళీ వచ్చాడు. రాత్రి కూర్చుని కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రాం రాశాడట. అదే షరతులతో లక్షమంది చేత ఉత్తుత్తి పందేలు ఆడించాడు. ఖాళీ అయినవాళ్ళ సంఖ్య నా లెక్కకు దగ్గరగానే వచ్చింది. నా పదిమందిలో ఏడుగురు కాస్త ఎక్కువ చెప్పినట్టనీ, అది 69 శాతం దగ్గర నిలుస్తోందనీ దిద్దాడు కూడా. తర్వాత ఫోన్ తీసి ఇంకో ప్రకటన చూపించాడు. ఫ్రిజ్‌కు వడ్డీ లేని వాయిదాలు, ప్రాసెసింగ్ రుసుము విడిగా, మొత్తం ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు వాయిదాలకు వర్తించదు.

"బాబాయ్, ఈ తగ్గింపు రాకపోవడమే వడ్డీ అనుకోవచ్చా?" అన్నాడు.

కాగితం తెమ్మన్నాను.